బాపమ్మ ఒక్కపొద్దు

మా బాపమ్మ కతోలిక గుడిలో పూజకు పోయే రోజు నీళ్లు కూడా ముట్టేది కాదు. ముందురోజు రాత్రి అన్నం తిని నోరు కడుక్కుందంటే, మళ్లీ పూజలో గురువు ఇచ్చే సత్ప్రసాదం తీసుకున్నాకే ఏదైనా నోట్లో పడేది. పెద్ద పండుగలకు మేం స్టేషన్ ఘన్‌పూర్‌లో పాసింజరు ఎక్కి, నష్కల్, పెండ్యాల దాటి, కాజీపేటలో దిగి ఫాతిమానగర్ గుడికి నడిచేవాళ్లం. నీళ్ల చెంబు అమ్మ చేతిలోనే ఉండేది. దాహమని నేను గునిస్తే, "ఓర్చుకో బిడ్డా, సత్ప్రసాదం తీసుకున్నంక కడుపునిండ తాగుదువు" అనేది బాపమ్మ. నాకప్పుడు ఎనిమిదేళ్లు. కొత్తగా సత్ప్రసాదం తీసుకుంటున్న ఏడాది, 1966.

నీళ్లు తాగితే ఉపవాసం చెడదని రోము చెప్పి అప్పటికే పదమూడేళ్లయిందని పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. పన్నెండవ పయస్ పోపుగారు 1953 జనవరిలో ఆ మాట చెప్పారు. 1957లో అర్ధరాత్రి నియమమే తీసేసి మూడు గంటలు చాలన్నారు. 1964 నవంబరులో ఆరవ పాల్ పోపుగారు దాన్ని ఒక గంటకు తగ్గించారు. ఇవన్నీ బాపమ్మ వినలేదని కాదు. ఉపదేశి ఇంటికొచ్చి చెప్పాడట. ఆమె తలూపింది, మానలేదు.

క్రైస్తవుల పండుగ అనగానే అందరికీ కేకు, బిర్యానీ గుర్తొస్తాయి. మా ఇంటి పండుగ వంట చరిత్ర పస్తు దగ్గర మొదలవుతుంది. పొయ్యి ఎప్పుడు వెలిగించకూడదో, కూరలో ఏది వేయకూడదో ముందు తెలిసింది. ఏం వండాలో తర్వాత తెలిసింది. తిండి విషయంలో సంఘం కొత్తగా తెచ్చిన నియమం కూడా మా ఊళ్లో వింతగా అనిపించి ఉండదు. ఉపవాస దినాన ఒక్కపూటే కడుపునిండా తినాలన్నది కతోలిక నియమం. తెలంగాణ పల్లెలో దానికి ముందునుంచే పేరుంది, ఒక్కపొద్దు. చుట్టుపక్కల ఆడవాళ్లు సోమవారమో శనివారమో ఉండేవారు, మావాళ్లు శుక్రవారం ఉండేవారు. 1700ల తొలి ఏళ్లలో పుంగనూరు వైపు వచ్చిన ఫ్రెంచి జెస్విటు గురువులు కూడా సన్యాసి వేషం వేసుకుని, మాంసం, మద్యం మానేసి తిరిగారు. తెలుగువాళ్లకు ఈ మతం పరిచయమైన తొలి రోజుల్లోనే కంచంలో నిగ్రహం కనిపించింది. మా వైపు, హైదరాబాదు రాజ్యంలో పనిచేసిన మిలాను గురువులు 1855లో వచ్చారు. వరంగల్ మేత్రాసనం 1952 డిసెంబరులో ఏర్పడింది, ఆల్ఫోన్సో బెరెట్టా గారు తొలి పీఠాధిపతి. మావాళ్లు లెక్కపెట్టుకునే కాలం మిలాను గురువుల నుంచే.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం నలభై రోజులూ మా ఇంట్లో యాట కూర వాసన ఉండేది కాదు. విభూది బుధవారం నుదుట బూడిద పెట్టించుకుని వచ్చి బాపమ్మ జొన్న గటక వండేది. నంజుకోవడానికి పచ్చిపులుసు. చింతపండు పిసికి, ఎండుమిరపకాయ నిప్పుల మీద కాల్చి నలిపి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేసేది. పొయ్యి మీద పెట్టే పని లేదు. పుంటికూర పప్పు, మామిడికాయ పప్పు, తపస్సుకాలం చివరికొచ్చేసరికి చింతచిగురు పప్పు. ఆ ఎండల్లో నాలుకకు ఆ పులుపే కావాలి కూడా. మంచి శుక్రవారం మాత్రం మధ్యాహ్నం మూడు దాటి, సిలువ మార్గం అయ్యాక అంబలి. అందులో ఉప్పు తప్ప ఏమీ వేయనిచ్చేది కాదు.

ఇక పాస్క పండుగ, అంటే ఈస్టరు. ఇక్కడే రోములో మారిన ఒక పూజ వేళ మా పొయ్యిని మార్చేసింది. బాపమ్మ కాపురానికొచ్చిన రోజుల్లో పాస్క జాగరణ పూజ పేరుకే రాత్రిది, జరిగేది శనివారం పొద్దున. శనివారం మధ్యాహ్నంతో తపస్సుకాలం ముగిసేది. కాబట్టి యాటను శనివారం మధ్యాహ్నమే కోసేవారట. పయస్ పోపుగారు 1951లో ఆ పూజను రాత్రి చేసుకోవడానికి అనుమతించారు. 1956 నుంచి పవిత్ర వారం ఆచారాలే మార్చి రాత్రి పూజను అందరికీ స్థిరం చేశారు. దాంతో పస్తు అర్ధరాత్రి వరకు సాగింది, యాట కోత ఆదివారం తెల్లవారుజాముకు జరిగింది.

ఆ ఆదివారాలు నేను చూశాను. రాత్రంతా ఫాతిమానగర్‌లో. చీకట్లో నిప్పు రాజేసి పాస్క వత్తి వెలిగించడం, ఒకరి నుంచి ఒకరికి మంట అందడం. పూజ అయ్యాక కాజీపేట ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకుని పడుకుని, పొద్దుటి బండికి ఇల్లు చేరేవాళ్లం. అప్పటికే నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి కొన్న యాట వేపచెట్టు కింద ఉండేది. మోదుగాకులు పరిచి పోగులు వేసేవారు. ప్రతి పోగులో ఎముక, మెత్తటి ముక్క, కాలేయంలో కాస్త పడాలి. త్రాసు ఉండేది కాదు, పెద్దమనిషి చెయ్యే త్రాసు. మగదిక్కు లేని ఇంటికి కూడా ఒక పోగు పక్కన పెట్టేవాళ్లు, దానికి డబ్బు అడిగేవాళ్లు కాదు. నలభై రోజుల తర్వాత ఆ కూరలో వేసిన అల్లం, ఎల్లిగడ్డ, ధనియాల వాసనకు నిద్రమత్తు వదిలేది.

కూర పక్కన తెల్లన్నం. ఈ మాట ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. మా ఇంట్లో వరి అన్నమే పండుగ. రోజూ గటకో, జొన్నరొట్టో. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చాక తెల్లన్నం రోజువారీ తిండయింది. ఆ తర్వాతే మా పండుగలకు బగారా అన్నం వచ్చింది. తెల్లన్నం రోజూ తింటున్నప్పుడు పండుగకు ఇంకేదో కావాలి కదా. అదే 1983లో సంఘం కొత్త ధర్మశాస్త్రం కూడా వచ్చింది. పద్నాలుగేళ్లు నిండినవాళ్లు నియమ దినాల్లో మాంసం మానాలి, పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిది నిండేదాకా ఉపవాసం ఉండాలి, ఆ ఉపవాసం కూడా ఏడాదికి రెండే రోజులు, విభూది బుధవారం, మంచి శుక్రవారం. బాపమ్మ ఆ వయసు ఎప్పుడో దాటింది. ఆమెను ఎవరూ ఉండమనలేదు. ఆమె ఉంది.

క్రిస్మస్‌కు మా ఇంట్లో కేకు లేదు, సకినాలు. సంక్రాంతివి కదా అని అడిగేవాళ్లుంటారు. కొత్త బియ్యం డిసెంబరుకే ఇంటికొస్తే మూడు వారాలు ఎందుకు ఆగాలి? బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి, తడి ఆరకముందే దంచి జల్లించేవారు. నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తెల్లటి పాత ధోవతి పరిచి చుట్టేవారు. బాపమ్మ వేళ్ల మధ్య నుంచి పిండి మెలిక పడుతూ, తాడు పేనినట్టు దిగేది. నాలుగు చుట్లు, ఎక్కడా తెగకుండా. పక్కింటి వాళ్లు సంక్రాంతికి చుట్టేటప్పుడు ముందు పిండితో గౌరమ్మను చేసి పెడతారు. బాపమ్మ ఆ చోటే చిటికెడు పిండితో సిలువ చేసి పెట్టేది. దాన్ని నూనెలో వేసేది కాదు, ఎవరూ తినేవారు కాదు. క్రిస్మస్ తెల్లారి పశువుల పాక దగ్గర పెట్టేది. మా సకినాలు పక్కింటికి పోయేవి, సంక్రాంతికి వాళ్లవి మా ఇంటికొచ్చేవి. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా తెలిసేది కాదు, వాళ్లు వాము కొంచెం ఎక్కువ వేస్తారంతే.

నవంబరు 2, మృతుల పండుగ నాడు సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వచ్చాక, పోయినవాళ్లకు ఇష్టమైనది వండుతాం. బాపమ్మ పోయాక ఆమె కోసం ఏం వండాలో మాకు రెండేళ్లు తోచలేదు. చివరికి అమ్మ పచ్చిపులుసు చేసింది. ఇప్పటికీ అదే చేస్తున్నాం.

గుడిలో జ్ఞానస్నానాలకు పుస్తకం ఉంది, పెళ్లిళ్లకు, చావులకు పుస్తకాలున్నాయి. ఏ పండుగకు ఏ ఇంట్లో ఏం వండారో రాసిన పుస్తకం ఎక్కడా లేదు. మీ ఇంట్లో ఎనభై దాటిన అవ్వ ఉంటే ఈ తపస్సుకాలంలో ఒక శుక్రవారం ఆమె పక్కన కూర్చోండి. పాస్కకు యాటను ఏ పూట కోసేవారో, ఎన్ని పోగులు వేసేవారో, తెల్లన్నం రోజూ తినడం ఎప్పుడు మొదలైందో అడిగి, ఆమె చెప్పినట్టే రాసిపెట్టండి.