మాస్టర్స్ టోర్నమెంటు - స్థానిక టెలివిజన్ వార్తలు

మాస్టర్స్ టోర్నమెంటు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని జార్జియా రాష్ట్రంలో, అగస్టా నగరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ నెలలో జరిగే గోల్ఫ్ పోటీ. పురుషుల గోల్ఫ్‌లోని నాలుగు ప్రధాన పోటీలలో ఏటా ఒకే మైదానంలో జరిగేది ఇదొక్కటే. సుమారు 2 లక్షల జనాభా గల ఈ నగరంలోని టెలివిజన్ కేంద్రాలకు ఆ వారం ఏడాదిలోకెల్లా పెద్ద వార్త. అయితే ఆటను సొంతంగా చిత్రీకరించి చూపించే స్వేచ్ఛ మాత్రం వాటికి లేదు. ఆ కేంద్రాలు ఈ పరిస్థితిలో ఎలా పనిచేస్తాయన్నది ఈ వ్యాసంలోని విషయం.

ప్రసార హక్కులు

బాబీ జోన్స్, క్లిఫర్డ్ రాబర్ట్స్ స్థాపించిన అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్బులో ఈ పోటీ 1934లో మొదలయ్యింది. 1956 నుండి సీబీఎస్ సంస్థ దీనిని ప్రసారం చేస్తున్నది. 2008 నుండి గురు, శుక్రవారాల ఆటను ఈఎస్‌పీఎన్ చూపుతున్నది. పోటీ దృశ్యాలపై హక్కులు పూర్తిగా క్లబ్బువే. గంటకు నాలుగు నిమిషాలకు మించి వ్యాపార ప్రకటనలు ఉండరాదన్న షరతు కూడా క్లబ్బు పెట్టినదే. ప్రసార సంస్థలపై క్లబ్బు పట్టు ఎంతటిదంటే, 1966లో ప్రేక్షకులను "మూక" అన్నందుకు సీబీఎస్ వ్యాఖ్యాత జాక్ విటేకర్ కొన్నేళ్ళపాటు ఈ పోటీకి దూరం కావలసివచ్చింది. 1994లో గ్యారీ మెకార్డ్ చేసిన ఒక హాస్యోక్తి ఆయనను శాశ్వతంగా తప్పించింది. క్లబ్బు భాషలో ప్రేక్షకులు "పేట్రన్లు".

స్థానిక కేంద్రాలు

నగరంలో డబ్ల్యూజేబీఎఫ్ (6వ ఛానల్) 1953లోను, డబ్ల్యూఆర్‌డీడబ్ల్యూ (12వ ఛానల్) 1954లోను ప్రారంభమయ్యాయి. వీటిలో రెండవది సీబీఎస్ అనుబంధ కేంద్రం కనుక శని, ఆదివారాల ఆట దీని ద్వారానే ఊరివారికి చేరుతుంది. ఆట సాగితే ఆ సాయంత్రపు స్థానిక వార్తలు వెనుకకు జరుగుతాయి.

వార్తల సేకరణ

మైదానంలోనికి ప్రేక్షకులు సెల్‌ఫోను తీసుకువెళ్ళరాదు. కెమెరాలకు సోమవారం నుండి బుధవారం వరకు, అనగా అభ్యాసపు రోజులలో మాత్రమే అనుమతి. మైదానంలో పరుగెత్తడం కూడా నిషిద్ధం. అందుచేత స్థానిక విలేఖరికి అసలైన పని గేటు బయట దొరుకుతుంది. వాషింగ్టన్ రోడ్డు రద్దీ, అతిథులకు ఇళ్ళు అద్దెకిచ్చి ఊరు విడిచి వెళ్ళే కుటుంబాలు, ఆ వారమే సెలవులిచ్చే బడులు, హోటళ్ళ ధరలు, వాతావరణం - ఇవన్నీ వార్తలే. క్లబ్బుకు 2,700 అడుగుల లోపల టిక్కెట్ల క్రయవిక్రయాలను రాష్ట్ర చట్టం నిషేధించింది. కనుక పోలీసు వార్తలకు కూడా కొదవ ఉండదు.

పల్నాడు పాఠకులకు ఇది కొంత పరిచితంగానే తోచవచ్చును. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో నరసరావుపేట, రాజుపాలెం ప్రాంతపు విలేఖరికి కూడా రద్దీ, బస్సులు, బందోబస్తు ముఖ్యమైన వార్తలే. తేడా ఏమంటే, అక్కడ ప్రభను ఎవరైనా చిత్రీకరించవచ్చును.

ఆటను మించిన వార్తలు

క్లబ్బులో మహిళలకు సభ్యత్వం లేకపోవడాన్ని వ్యతిరేకిస్తూ 2003 ఏప్రిల్ 12న మార్తా బర్క్ నాయకత్వంలో నిరసన జరిగింది. గేటు వద్ద అనుమతి లభించనందున దాదాపు అరమైలు దూరంలోని ఒక ఖాళీ స్థలంలో దీనిని జరుపుకోవలసివచ్చింది. వచ్చిన నిరసనకారులు కొద్దిమందే, వారికంటే విలేఖరులు ఎక్కువ. ప్రకటనకర్తలపై ఒత్తిడి రాకుండా క్లబ్బు 2003, 2004 పోటీలను వ్యాపార ప్రకటనలు లేకుండానే ప్రసారం చేయించింది. 2012లో కాండొలీజా రైస్, డార్లా మూర్ తొలి మహిళా సభ్యులయ్యారు.

2020లో కోవిడ్ కారణంగా పోటీ నవంబరుకు వాయిదా పడి, ప్రేక్షకులు లేకుండా జరిగింది. ఆటకు లోటు రాకపోయినా, ఈ వారంపై ఆధారపడిన హోటళ్ళకు, ఇళ్ళు అద్దెకిచ్చేవారికి అది పెద్ద దెబ్బ. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను నగరాన్ని దెబ్బతీసింది. చెట్లు కూలి, విద్యుత్తు, నీటి సరఫరా నిలిచిపోయాయి. 2025 ఏప్రిల్ నాటికి ఊరు ఎంతవరకు కోలుకున్నదనేది స్థానిక కేంద్రాలు మాత్రమే పట్టించుకోగల కథనం. ప్రపంచం దృష్టి ఆ ఏడాది రోరీ మెకిల్‌రాయ్ విజయంపైననే ఉన్నది.

తెలుగువారు

కాలిఫోర్నియాలో జన్మించిన సాహిత్ తీగల తల్లిదండ్రులు హైదరాబాదు నుండి వెళ్ళినవారు. ఇతను 2023లో మొదటిసారి ఈ పోటీలో ఆడి, తొమ్మిదవ స్థానాన్ని ఇతరులతో పంచుకున్నాడు. ఆ ఏడాది శుక్రవారం 17వ టీ సమీపంలో చెట్లు కూలాయి, కాని ఎవరికీ గాయాలు కాలేదు. ఆదివారం 16వ హోల్ వద్ద తీగల గ్రీన్ వెలుపలి నుండి కొట్టిన బంతి నేరుగా హోల్‌లో పడింది. 2005లో టైగర్ వుడ్స్ కొట్టిన ప్రసిద్ధ షాట్ కూడా ఇదే హోల్ వద్దనే.