వారముల చదువునుండి ఉపకార వేతనము వరకు

వేసవిలో పరీక్షా ఫలితములు వెలువడగానే తెలుగునాట అనేక గృహములలో ఒక లెక్క ప్రారంభమగును. పిల్లవాడు ఉత్తీర్ణుడయ్యెను, కళాశాలలో చోటు దొరకవచ్చును, కాని ఫీజు ఎంత, పుస్తకములకు ఎంత, ఊరుగాని ఊరిలో తిండికెంత, బసకెంత? ఈ నాలుగు అంకెలను కూడి ఇంటి రాబడితో సరిచూడగా తేలిన లోటును పూడ్చువారెవరు? ఉన్నత విద్య చరిత్రను చెప్పువారు సాధారణముగా విశ్వవిద్యాలయముల స్థాపనను, వాని భవనములను, వైస్ ఛాన్సలర్ల పేర్లను చెప్పుదురు. మేము ఈ ప్రసంగములో ఆ లోటు చరిత్రను చెప్పదలచితిమి.

ప్రభుత్వ సహాయమను మాట పుట్టుటకు ముందు ఆ లోటును ఊరే పూడ్చెడిది. చదువు నిమిత్తము పట్టణము చేరిన బీద బాలుడు ఏడు ఇండ్లవారిని అర్థించి, ఒక్కొక్కనాడు ఒక్కొక్క ఇంట భోజనము కుదుర్చుకొనెడివాడు. దీనినే వారములు చేసికొని చదువుట అనిరి. ఏడు ఇండ్లు కుదిరినవాడు అదృష్టవంతుడు. ఐదే కుదిరినచో తక్కిన రెండు దినములు అటుకులతోనో మంచినీళ్లతోనో గడుపవలసినదే. పండితులు, ప్లీడర్లు, ఉద్యోగులు ఎందరో ఈ అన్నముతో పెరిగినవారే. పెట్టిన గృహిణుల పేర్లు మాత్రము ఏ శాసనమునందును లేవు.

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి బాల్యము ఇట్టి కాలమునకు చెందినది. తండ్రి చనిపోగా తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పోషించిరి. ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు బాలుని ఆదరించి, తాము రాజమహేంద్రవరము వెళ్లినపుడు వెంట తీసికొనిపోయి చదివించిరి. ఒక తల్లి కష్టము, ఒక గురువు దయ కలిసివచ్చినవి గనుక ఆ బాలుడు బారిస్టరు కాగలిగెను. ఆ రెండును కలిసిరాని బాలుర కథలు మనకు తెలియవు. తెలియుటకు వారు చరిత్రలోనికి రాలేదు.

ఐతే వారముల గొప్పతనమును చెప్పునపుడు వాని చుట్టునున్న గోడను కూడ చెప్పవలెను. వారము పెట్టు ఇల్లు సాధారణముగా కులము చూచియే విస్తరి వేసెడిది. అస్పృశ్యులుగా ఎంచబడినవారి వాడనుండి వచ్చిన బాలునికి ఏడు ఇండ్లు కాదుకదా, ఒక్క ఇంటి అరుగైనను దొరకదు. బాలికల మాట అసలే లేదు. దయపై నిలిచిన సహాయము దాత చూపు ఎంతదూరము పోవునో అంతవరకే పోవును.

ఇక ప్రభుత్వము సంగతి. 1854లో సర్ చార్లెస్ వుడ్ పంపిన ప్రసిద్ధమైన విద్యాలేఖ మన దేశములో సహాయ ద్రవ్య పద్ధతికి పునాది వేసెను. ప్రభుత్వము అన్ని విద్యాలయములను తానే నడపక, నియమములకు లోబడి నడచు ప్రైవేటు సంస్థలకు కొంత ధనమిచ్చి ప్రోత్సహించుట ఆ పద్ధతి సారము. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసినది. రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాల, మచిలీపట్టణమున మిషనరీల నోబిల్ కళాశాల, విజయనగరమున మహారాజావారి కళాశాల, కాకినాడలో పిఠాపురపు రాజావారి కళాశాల క్రమముగా పెంపొందినవి. కాని ఒక విషయము గమనింపవలెను. ఈ పద్ధతిలో ప్రభుత్వము వారి రూపాయి ప్రధానముగా సంస్థకు చేరినది. విద్యార్థి తన ఫీజు తాను కట్టవలసినదే, తన తిండి తాను చూచుకొనవలసినదే. ప్రతిభకు కొలదిగా బహుమతి వేతనములు లేకపోలేదు; బీదరికమునకు మాత్రము ప్రత్యేకమైన పద్దు లేదు.

ఆ పద్దును కొందరు జమీందారులు, సంఘసంస్కర్తలు తెరచిరి. పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరువారు కళాశాలకే కాక అనాథ శరణాలయమునకును, హరిజన విద్యార్థుల వసతికిని ధనమిచ్చిరి. కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు వారికి ఈ విషయమున గురుస్థానీయులు. నైజాము రాజ్యమున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రభుత్వ ధనముతో, ఉర్దూ బోధనాభాషగా ప్రారంభమయ్యెను. అదే సంవత్సరమున హైదరాబాదులో రాజా బహద్దూర్ వేంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసినది. విశ్వవిద్యాలయము రాజు కట్టించెను. పల్లెటూరి పిల్లవానికి అందులో చదువుకొనుటకు కావలసిన గదిని, అన్నమును ప్రజలు సమకూర్చుకొనిరి. ఆ రెండింటిలో ఏది లేకున్నను రెండవది వ్యర్థమే.

1919 నాటి రాజ్యాంగ సంస్కరణముల వలన విద్యాశాఖ రాష్ట్ర మంత్రుల చేతికి వచ్చెను. మద్రాసు రాష్ట్ర విద్యామంత్రి ఏ.పి. పాత్రోగారు ప్రవేశపెట్టిన బిల్లు శాసనమై, 1926 ఏప్రిల్ 26న ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో ప్రారంభమయ్యెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి వైస్ ఛాన్సలరు. పిదప వాల్తేరునకు తరలిన ఆ విద్యాపీఠమునకు జయపురపు మహారాజా విక్రమదేవవర్మగారు ఏటా లక్ష రూపాయల దానము చేసిరి. అచటి శాస్త్ర కళాశాలకు వారి పేరు పెట్టబడినది. ప్రభుత్వ శాసనముతో పుట్టిన విశ్వవిద్యాలయమునకు కూడ నాడు దాతల చేయి అంత అవసరమయ్యెనన్నమాట.

విద్యార్థి బీదరికమును ప్రభుత్వము తన ఖాతాలో వ్రాసికొన్న సంవత్సరము 1944. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులుగానున్న డాక్టరు అంబేద్కరు 1942లో ఒక వినతిపత్రమును సమర్పించిరి. షెడ్యూల్డు కులముల విద్యార్థుల ఉన్నత విద్యకు ఏటా ధనము కేటాయింపవలెనని అందులో కోరిరి. ప్రభుత్వము ఏటా మూడు లక్షల రూపాయలు మంజూరు చేయుటకు అంగీకరించెను. 1944-45 విద్యాసంవత్సరమునుండి మెట్రిక్యులేషను తరువాతి చదువులకు ఉపకార వేతనములు ఆరంభమైనవి. 1948-49లో గిరిజన విద్యార్థులకును, మరుసటి సంవత్సరము ఇతర వెనుకబడిన తరగతులకును ఆ పథకము విస్తరించినది. మొత్తము చిన్నదే, కాని దాని స్వభావము క్రొత్తది. ఏడు ఇండ్ల తలుపులు మూసికొన్నవానికి ప్రభుత్వమే ఎనిమిదవ ఇల్లు అయినది. అచట విస్తరి వేయుటకు కులమడిగిన కారణము కూడ మారినది. ఇదివరకు కులమడిగినది తలుపు మూయుటకు. ఇపుడు అడిగినది తెరచుటకు.

స్వాతంత్ర్యానంతరము 1951లో జరిగిన మొదటి రాజ్యాంగ సవరణ, వెనుకబడిన తరగతుల పురోభివృద్ధికై రాష్ట్రములు ప్రత్యేక ఏర్పాట్లు చేయుటకు స్పష్టమైన అధికారమిచ్చెను. ఆ సవరణకు కారణమైన వ్యాజ్యములలో ఒకటి మన మద్రాసు రాష్ట్రపు కళాశాలల ప్రవేశములకు సంబంధించినదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడగా, పూటకూళ్ల ఇంట పెరిగిన ప్రకాశంగారే ముఖ్యమంత్రి అయిరి. ఆయన ప్రభుత్వకాలముననే 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము నెలకొల్పబడినది. దేవస్థానము దానికి అండగా నిలిచెను. రాయలసీమ విద్యార్థి వాల్తేరునకో మద్రాసునకో పోనక్కరలేకపోవుట కూడ ఒక విధమైన ఉపకార వేతనమే. 1976లో వరంగల్లున, గుంటూరు చేరువను మరి రెండు విశ్వవిద్యాలయములు వెలసి ఈ దూరమును ఇంకను తగ్గించినవి. ఇంటికి దగ్గరగా కళాశాల వచ్చినచో బస లెక్క తగ్గును. సాంఘిక సంక్షేమ వసతిగృహములు వచ్చినచో తిండి లెక్క తగ్గును. ప్రభుత్వము నడపు కళాశాలలలో ఫీజు స్వల్పము గనుక ఆ తరమునకు లోటు చాలవరకు పూడినది.

తరువాత వచ్చిన మార్పు ఫీజు వైపునుండి వచ్చినది. వృత్తివిద్యలకు గిరాకీ పెరిగి ప్రైవేటు కళాశాలలు బయలుదేరినవి. 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ డొనేషన్ల వసూలును నిషేధించుచు చట్టము చేసెను. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అను వ్యాజ్యమున 1993లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. పదునాలుగేండ్ల వరకు ఉచిత విద్య ప్రాథమిక హక్కనియు, ఆపై విద్యకు రాష్ట్రముయొక్క ఆర్థిక శక్తియే హద్దనియు ఆ తీర్పు సారము. సీట్లలో సగము ఉచితముగాను, సగము చెల్లింపుపైనను ఇవ్వవలెనని అది ఏర్పాటు చేసెను. 2002లో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ ఏర్పాటును కొట్టివేసెను. ఒక విద్యార్థి ఫీజును మరియొక విద్యార్థి మోయు దారి అంతటితో మూసికొనిపోయెను. కావున భారము మరల ఇంటి మీదనో, ప్రభుత్వము మీదనో పడక తప్పలేదు.

2008లో డాక్టరు వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉన్నపుడు, ఫీజు రీయింబర్సుమెంటు వెనుకబడిన తరగతుల విద్యార్థులందరికి, పిదప ఇతర బీద కుటుంబములకు విస్తరించెను. కూలివాని కుమార్తె ఇంజనీరింగు తరగతిలో కూర్చుండుట అరుదైన వార్త కాకపోయెను. వ్యయము పెరుగగా 2012లో హద్దులు వచ్చినవి: షెడ్యూల్డు కులములు, తెగలు కాక తక్కినవారిలో ప్రవేశపరీక్షలో 10,000 లోపు ర్యాంకు వచ్చినవారికి పూర్తి ఫీజు, ఇతరులకు ప్రధానముగా 35,000 రూపాయల వరకు. 2014లో రాష్ట్రము రెండైన పిదప రెండు ప్రభుత్వములును పథకమును వేర్వేరు రీతుల కొనసాగించినవి. ఆంధ్రప్రదేశమున 2021లో ఫీజు సొమ్ము తల్లుల బ్యాంకు ఖాతాలకు చేరెను. 2024లో ప్రభుత్వము మారిన పిదప మరల కళాశాలలకే చెల్లించు పద్ధతి వచ్చినది. కేంద్ర ప్రభుత్వము 2020 డిసెంబరులో షెడ్యూల్డు కులముల వేతనముల ఖర్చును తాను నూటికి 60, రాష్ట్రము 40 చొప్పున భరించునట్లు నిర్ణయించెను.

ఈ సుదీర్ఘ కథలో వాదములన్నియు రెండు ప్రశ్నల చుట్టునే తిరిగినవి. సహాయము ఎవరికి? ఎంత? సంస్థకా, విద్యార్థికా, తల్లికా. ముప్పది ఐదు వేలా, పూర్తి ఫీజా. ప్రైవేటు కళాశాలల ఫీజులకు పోవు ధనముతో ప్రభుత్వ కళాశాలలలో అధ్యాపకులను నియమింపవచ్చుననువారు కలరు. కళాశాల ఏదైనను చదువుకొనునది బీదవాడే కదా అనువారును కలరు. ఇరువురి మాటలోను న్యాయము కలదు. ఐనను మూడవ ప్రశ్నను అడుగువారు తక్కువ: ఎప్పుడు?

బడ్జెటులో అంకె పడును. దరఖాస్తు, ఆదాయ ధ్రువపత్రము, వేలిముద్ర, బిల్లు, ఖజానా అను మెట్లన్నియు ఎక్కవలెను. విద్యాసంవత్సరము గడచును, బకాయి మిగులును. సొమ్ము రాని కళాశాల జీతములు ఆపును, లేదా విద్యార్థి ధ్రువపత్రములను తనయొద్ద అట్టిపెట్టుకొనును. ఉద్యోగమునకు పిలుపు వచ్చిన పిల్లవాడు ఆ పత్రములకై అప్పు తెచ్చి ఫీజు కట్టును. తరువాత ఎపుడో ప్రభుత్వ ధనము విడుదలగును. అది అసలును తీర్చునేమో కాని వడ్డీని తీర్చదు. లెక్కల పుస్తకమున అతడు సహాయము పొందినవాడు. ఇంటిలో అతడు అప్పులపాలైనవాడు. కలిగినవానికి ఆలస్యము చికాకు మాత్రమే. లేనివానికి అది చదువు మానుట.

వారముల కాలమునకు మరల పోవలెనని మేమనము. దయకున్న గోడలను ధర్మము కూల్చినది. ఉపకార వేతనము ఎవరి అరుగు మీదను చేతులు కట్టుకొని నిలుచుండ నక్కరలేని హక్కు. అది ఈ శతాబ్దపు విద్యార్థికి ముందుతరములవారు పోరాడి ఇచ్చిన ఆస్తి. కాని ఆ ఏడు ఇండ్ల తల్లులయొద్ద ప్రభుత్వములు నేర్వవలసినది ఒకటి మిగిలియున్నది. సోమవారపు అన్నమును వారు సోమవారమే పెట్టిరి. నిధులు వచ్చిన పిదప పై నెలలో వడ్డించెదమని ఏ తల్లియు విస్తరి మడిచి పంపలేదు.