ఋతువులేని సీసాలు

హైదరాబాదునుండి విజయవాడ బాట పట్టి తూర్పునకు పోవువారు దిల్‌సుఖ్‌నగరు, కొత్తపేట, ఎల్.బి.నగరు కూడళ్లను దాటి, వనస్థలిపురమును వెనుక విడిచి, హయత్‌నగరు చేరుసరికి మేడల నడుమ అక్కడక్కడ మిగిలియున్న తాటిచెట్లు కనబడుటయు, చౌటుప్పలు సమీపించుకొలది అవి గుంపులు కట్టుటయు అందరు నెరిగినదే. ఈ నేలమీద ఋతువును బట్టి రుచి మారిన మత్తుపానీయ మేదైన నున్నచో, అది ఆ చెట్లనుండి దిగినది మాత్రమే. చలికాలమున పోద్దాడు, ఎండలు ముదురునప్పుడు పరుపుదాడు, ఆ పిమ్మట పండుతాడు అని చెట్లకు వంతులు వేసికొని, మోకు ముత్తాదులతో ఎక్కి, గెల చివర గీసి లొట్టి కట్టి గౌండ్లవారు దింపిన కల్లు కాలమున కొక తీరుగ నుండెడిది. ఈతకల్లు తీపి వేరు, తాటికల్లు పులుపు వేరు, ప్రొద్దున దింపినది మధ్యాహ్నమునకే మరియొకటి యగును. ఎప్పుడో యొకప్పుడు ఏ యూరనో వేపచెట్టొకటి తనంత తాను తెల్లని నురుగు కార్చినచో, అది సర్వరోగములకు మందని జనము చెంబులు పట్టుకొని మూగుటయు, ధార నిలిచిన మరునాడే ఆ చెట్టు నెవ్వరును కన్నెత్తి చూడకపోవుటయు కలదు. నేటి పెద్ద బ్రూవరీలు కొద్ది నెలల కొరకని వెలువరించు వింతసరకునకును ఈ వేపకల్లునకును నాకు భేద మంతగా కనబడదు. వేపచెట్టునకు ప్రకటనల ఖర్చు మాత్రము లేదు.

బీరునకును ఒకప్పుడు ఋతువుండెను. ఎండకాలమున కాచినది చెడిపోవుచున్నదని 1553లో బవేరియా ప్రభువు, సెప్టెంబరు చివరి మైకేలు పండుగనుండి ఏప్రిలు మాసపు జార్జి పండుగవరకే బీరు కాయవలెనని శాసించెను. కావున మార్చినెలలో కొంచెము గట్టిగా కాచి, చల్లని నేలమాళిగలలో దాచి, శరత్తున త్రాగెడి బీరొకటి ఆ దేశమున ప్రసిద్ధికెక్కెను. 1870ల దశకమున కార్ల్ లిండె శీతలయంత్రమును బ్రూవరీలలో నెలకొల్పిన పిదప ఆ కట్టుబాటునకు పని లేకపోయినను, మార్చి బీరు పేరు మాత్రము ఆచారముగ నిలిచినది. మన దేశమున 1915లో థామస్ లీష్‌మన్ అను స్కాట్లండువాడు దక్షిణాదిని గల అయిదు బ్రూవరీలను ఒక్కటి చేసి యునైటెడ్ బ్రూవరీస్ స్థాపించునాటికి ఆ యంత్రము వచ్చి ఎన్నో యేండ్లైనది. అందుచేత మనకు చేరిన బీరు పుట్టుకతోనే ఋతువు నెరుగనిది. పన్నెండు మాసములు ఒకే రుచి, ఒకే సీసా. వేసవి వచ్చినచో అమ్మకము పెరుగునే గాని సరకు మారదు.

సరకు మారనప్పుడు మార్చదగినది పేరొక్కటే. మోహన్ మీకిన్ వారి గోల్డెన్ ఈగిల్ ఒకనాడు దేశమంతట అగ్రస్థానమున నుండి, 1978లో పునర్జన్మ మెత్తిన యునైటెడ్ బ్రూవరీస్ వారి కింగ్‌ఫిషర్‌కు క్రమముగ తావిచ్చెను. ఆ వెనుక స్ట్రాంగ్ బీరుల కాలము వచ్చెను. హేవర్డ్స్ 2000 అని యొకటి, 5000 అని యొకటి, వానిని మించవలెనని కెనన్ 10000 అని వేరొకటి. నాకౌట్ అనియు బుల్లెట్ అనియు కొట్లాటను తలపించు పేర్లు గలవి మరికొన్ని. ఆ సంఖ్యలు దేనిని కొలుచునని యడిగిన నెవరును చెప్పలేరు, అవి దేనిని కొలువవు గనుక. సీసా కొలత 650 మిల్లీలీటర్లే. లైట్ బీరులో ఆల్కహాలు నూటికి 5 లోపు, స్ట్రాంగులో 8 వరకు. అదే సీసాలో అదనపు మత్తు దొరకునప్పుడు తక్కువదాని నేల కొనవలెనని దేశములో అమ్ముడగు బీరున నూటికి ఎనుబది పాళ్లు స్ట్రాంగే యగుచున్నది. రుచి వైవిధ్యమునకు ఈ లెక్కను మించిన శత్రువు లేదు.

అయినను సాహసించినవారు లేకపోలేదు. 2010 ప్రాంతమున శాబ్‌మిల్లర్ కంపెనీ హేవర్డ్స్ పేరుతోనే మాడ్చిన బార్లీగింజలతో కాచిన నల్లని స్టౌటు నొకదానిని తెచ్చెను. 2012లో ఇండస్ ప్రైడ్ అను బీరునకు కొత్తిమిర గింజ, యాలకులు, సోంపు, దాల్చినచెక్క అను నాలుగు సుగంధములను జోడించి నాలుగు రకములుగ విడుదల చేసెను. ఆలోచన చెడ్డది గాదు. బిర్యానీలో లేని దినుసు అందొక్కటియు లేదు. కాని కూలింగు బాగుగ నున్నదా యని సీసాను తడిమి చూచి కొనెడి దేశమున యాలకుల సువాసన నెవ్వడు గుర్తించును? మంచుచల్లదనము నాలుక నెట్లును మొద్దుబరచును. మిగులునది నురుగును చేదును మాత్రమే. 2016లో శాబ్‌మిల్లర్‌నే ఏబీ ఇన్‌బెవ్ కొనివేయగా, కంపెనీ పేరే చరిత్రలో కలిసెను. యాలకుల బీరు, సోంపు బీరు దాని వెంటనే నడిచినవి. అమెరికాలో కూర్స్ వారు రంగులేని జీమా యను పానీయమును దేశమంతట వెదజల్లి 2008లో నిలిపివేసిన పిమ్మట, తలచుకొనువారు మిగిలియుండుటచే 2017లో కొద్దికాలము మరల తెచ్చిరి. ఇచ్చట అట్టి పునరాగమన మసాధ్యము కాకపోయినను సులభముగాదు.

ఏలనన, ఇచ్చట బీరు జాతకము వ్రాయునది త్రాగువాడు గాడు, ఆబ్కారీ శాఖ. 1986లో ఆంధ్రప్రదేశ్ బెవరేజెస్ కార్పొరేషన్ ఏర్పడినది మొదలు, ఏ కంపెనీ సరకైనను ఆ కార్పొరేషను డిపోల ద్వారా వైన్సులకు చేరవలసినదే; 2014 తరువాత తెలంగాణకు వేరు కార్పొరేషను వచ్చినను పద్ధతి అదే. ప్రతి లేబులుకును అనుమతి, ప్రతి రకమునకును ప్రభుత్వము నిర్ణయించిన మూలధర కావలెను. రెండు నెలల మామిడికాలమునకై ఒక రకము కాచి అమ్మవలెనన్న, కాగితములు తిరిగి వచ్చుసరికి మామిడి పోయి సీతాఫలము వచ్చును. బవేరియా ప్రభువు శాసనము ఋతువును సృష్టించెను; మన శాసనము ఋతువును మింగివేసెను.

ఇక సరకు మొత్తముగ నిలిచిన ఋతువులు వేరు. దూబగుంట స్త్రీలు రగిల్చిన సారా వ్యతిరేకోద్యమము ఫలించి 1993 అక్టోబరులో సారాయు, 1995 జనవరి 16న సమస్త మద్యమును నిషేధింపబడగా, 1997లో ఆ నిషేధము సడలువరకు దిల్‌సుఖ్‌నగరు దుకాణములు సైతము మూతబడియే యుండెను. 2004లో నగరములోని కల్లు కాంపౌండుల నప్పటి ప్రభుత్వము మూయించెను. పది సంవత్సరములకు, 2014లో, అవి మరల తెరవబడినవి. సొరుగునుండి తీసినంత తేలికగ ఒక పురాతన పానీయము రద్దై పునరుద్ధరింపబడిన ఈ వృత్తాంతము ఏ బీరు కంపెనీ చరిత్రకును తీసిపోదు.

పొరుగు రాష్ట్రపు కథ ఎల్.బి.నగరు కూడలికే తగిలినది. 2019 అక్టోబరునుండి ఆంధ్రప్రదేశములో దుకాణములను ప్రభుత్వమే నడపగా, జనము వాడుక పడిన బ్రాండ్లు అరుదై, బూమ్ బూమ్ వంటి క్రొత్త పేర్లు అరలనిండ నిలిచినవి. ఆ బీరు పేరు శాసనసభలో సైతము వినబడెను. ఇతర రాష్ట్రములనుండి మూడు సీసాలు తెచ్చుకొనవచ్చునని 2020 సెప్టెంబరులో హైకోర్టు చెప్పగా, మరుసటి నెలలోనే ప్రభుత్వము నిబంధనను మార్చెను. విజయవాడ బస్సులు ఆగు ఈ కూడలిలో ప్రయాణికుల సంచులు తేలికగ నుండెనని యెవ్వడు నమ్మును? ఎన్నికలలో ప్రభుత్వము మారి, 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణములు తిరిగి వచ్చుటతో ఆ పేర్ల వైభవము సమసెను. రుచి బాగులేక పోయిన బీరులు కొన్ని యుండవచ్చును. ఇది మాత్రము ఎన్నికలలో నోడిపోయిన బీరు.

పోయినవాని గుర్తులు దొరకవా యన్న, దొరకవు. కొత్తపేట, సరూర్‌నగరు సందులలోని పాతసామానుల కొట్లలో గోనెసంచుల నిండ బీరుసీసాలుండును. ఒకదానిని చేతబట్టి చూచినచో, పెట్టెలో తోటి సీసాలతో ఒరసికొని ఒరసికొని భుజముచుట్టు తెల్లబడిన వలయము కనబడును. వలయ మెంత వెడల్పైన సీసా యంత పాతది. గాజులో పోతపోసిన పేరొకటి, పైన అంటించిన కాగితముపై పేరు వేరొకటిగ నుండుట ఒకప్పుడు సర్వసాధారణము. దానిపై పెద్ద కంపెనీలు న్యాయస్థానములకు సైతము ఎక్కినవి. ఫ్యాక్టరీ చేరగానే సీసాను కాస్టిక్ సోడా కలిపిన వేడినీట ముంచి కడుగుదురు. జిగురుతో కూడ లేబులు ఊడిపోవును, మరునాడు వేరొక లేబులు దానిపై నంటును. విస్కీ సీసా యైన మనీప్లాంటు తీగకో ఫ్రిజ్జులో మంచినీటికో పనికివచ్చి పది సంవత్సరములు ఇంట నిలుచును. బీరుసీసా కా భాగ్యము లేదు.

2015లో తెలంగాణ ప్రభుత్వము మైక్రోబ్రూవరీలకు అనుమతి నిచ్చిన పిమ్మట, ఋతువుల బీరు నగరమునకు ఎట్టకేలకు వచ్చినది. కాని వచ్చినది జూబ్లీహిల్సు, గచ్చిబౌలి వైపునకు. 1986నుండి 2021వరకు లారీలకొద్ది మామిడి దిగినది ఈ తూర్పున, గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టులో. మామిడి బీరు నురుగులెత్తినది ఆ పడమట. ఆ మార్కెట్టు ఇప్పుడు బాటసింగారమునకు తరలి, ఆ స్థలమున ఆసుపత్రి కట్ట నారంభించిరి.

ఈ వైపున ఋతువునకు సాటివచ్చు సంఘటన 2025 జనవరి 8న జరిగెను. 2019–20 తరువాత మూలధర పెరుగలేదనియు, బకాయిలు పేరుకొన్నవనియు చెప్పి యునైటెడ్ బ్రూవరీస్ వారు తెలంగాణకు సరఫరా నిలిపివేసిరి. సర్వకాల సర్వావస్థలయందు దొరకు కింగ్‌ఫిషరే అపురూపమగునేమో యన్న భయము పుట్టి, దాల్చినచెక్క బీరునకు ఎన్నడు దక్కని గౌరవము దానికి వార్తాపత్రికలలో దక్కెను. అదే నెల 20వ తేదీకి లారీలు కదలినవి; ఫిబ్రవరిలో ధర నూటికి 15 పెరిగెను.