దశావతార గంజీఫా

దశావతార గంజీఫా విష్ణువు పది అవతారాలను చేత్తో చిత్రించిన గుండ్రటి పేక. పారశీకం నుంచి వచ్చిన గంజీఫాను 1527లో సింధు పాలకుడు షా హసన్‌కు పంపినట్లు బాబరు స్వీయచరిత్రలో ఉంది. మొగలాయి కట్టలో 96 ముక్కలు. అవతారాల కట్టలో రంగుకు 12 చొప్పున 10 రంగులు, 120 ముక్కలు. ప్రతి రంగులో రాజు, మంత్రి, 1 నుంచి 10 దాకా అంకెలు ఉంటాయి. రాజు ముక్క మీద అవతారమూర్తి: నడుము కింద చేపగా మత్స్యం, సింహముఖంతో నరసింహుడు. అంకెల ముక్కల మీద గుర్తులే: సాధారణంగా కూర్మానికి తాబేలు, పరశురాముడికి గొడ్డలి. అయిదు రంగుల్లో పదికి, మిగతా అయిదింటిలో ఒకటికి బలం ఎక్కువ. ఆటలో అందమైన మెలిక ఇదే. ముగ్గురు ఆడతారు, పగలైతే రాముడితో, రాత్రయితే కృష్ణుడితో మొదలు. 1996లో జపాన్‌లో వచ్చిన పోకెమాన్ కార్డుల్లో బలం అంకెల్లో అచ్చై ఉంటుంది. గంజీఫాలో దాన్ని ఆటగాడే గుర్తుంచుకోవాలి.

గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, ఎండాక గుండ్రంగా కత్తిరించి, రంగులు వేసి లక్కతో మెరుగు పెడతారు. తెలుగునాట నిర్మల్ నకాషీలు, కర్నూలు ప్రాంతపు నొస్సం చిత్రకారులు వీటిని చేశారు. అచ్చు పేక చవకగా దొరకడంతో ఇక్కడ ఆట మరుగున పడింది. ఒడిశాలో గంజపా పేరుతో ఇంకా ఆడుతున్నారు.