ధన్వంతరి పేరఁ బుట్టిన శ్లోకములు

1819వ సంవత్సరము జనవరి 12వ తేదీని చెన్నపురియందు వెలువడిన మద్రాసు కొరియర్ పత్రికలో "కల్వి విరుంబోన్" అను పేరుతో నొక లేఖ ప్రకటింపఁబడెను. అరవమున నా పేరునకు విద్యను గోరువాఁడని యర్థము. ఆవుల పొదుగున లేచు పొక్కులనుండి రసము తీసి మనుష్యుల చేతులకుఁ బొడిచినచో మశూచికము రాదను విషయము సీమవైద్యులు క్రొత్తగాఁ గనిపెట్టినది కాదనియు, ధన్వంతరిప్రోక్తమగు శాక్తేయగ్రంథమున నది పూర్వమే చెప్పఁబడి యున్నదనియు నా లేఖకుఁడు వ్రాసెను. ధన్వంతరి యట్లు చెప్పలేదు. ఆ శ్లోకములు ప్రాచీనములు కావు. వానిని బుట్టించినవాని యుద్దేశము మాత్రము చెడ్డది కాదు; మృత్యుముఖమునఁ బడుచున్న శిశువులను గాపాడుటయే యాతని తలఁపు. అందువలననే యీ కూటరచన సామాన్యమగు గ్రంథచౌర్యముల వరుసలోఁ జేరక, ప్రత్యేకవిచారమునకుఁ దగియున్నది.

మశూచికమును గూర్చి నేఁటివారికి వినికియే కాని యనుభవము లేదు. తెనుఁగుదేశమున దాని నసలుపేరుతోఁ బిలుచుటకే జనులు వెఱచిరి. "అమ్మవారు పోసినది" అనుటయే వాడుక. వాకిట వేపమండలు గట్టి, రోగి దేహమున దేవత నిలిచియున్నదని భావించి, యింటివారు శుచిగా మెలఁగెడివారు. ఘోరమగు రకము సోఁకినవారిలోఁ బదుగురకు మువ్వురు చొప్పున మరణించెడివారు. బ్రదికినవారి ముఖములు గుంటలు పడెను; కొందఱకుఁ గన్నులు పోయెను. ఇది యొక వైరసువలనఁ గలుగు వ్యాధి యని తరువాతికాలమునఁ దెలిసినది. ఒకమాఱు వచ్చి తగ్గినవానికి మరల రాదను సంగతి మాత్రము పూర్వు లెఱిఁగినదే.

ఆ యెఱుకమీఁదనే పాతపద్ధతి నిలిచినది. తేలికగా వచ్చిన రోగి పొక్కులనుండి రసమో పక్కో తీసి యారోగ్యవంతుని చర్మమునఁ బొడిచెడివారు. వంగదేశమున నిది యెట్లు జరిగెనో హాల్‌వెల్ 1767లో ప్రకటించిన పుస్తకమున సవిస్తరముగా వర్ణించెను. కాని యిందు వాడినది నిజమగు మశూచికమే. పొడిపించుకొన్నవారిలో నూటి కొకరిద్దఱు చనిపోవుట కలదు. బ్రదికినవారు సైతము వ్యాధి తగ్గువఱకు నిరుగుపొరుగులకు దానిని బంచి పెట్టఁగలరు. తన బిడ్డను రక్షించుకొనుటకై పొరుగింటి బిడ్డను నపాయమున నుంచుట తగునా యను ప్రశ్న యీ పద్ధతితోడనే పుట్టినది. గోమసూరి వేఱు, అది యావులకు వచ్చు తేలికయగు వ్యాధి, మనుష్యునకు సోఁకినచో నొకటి రెండు పొక్కులతోఁ బోవును. ఈ రెండు పద్ధతుల భేదమును గమనింపనివారే "మనవారికిఁ బూర్వమే తెలియును" అను వాదమునకు హాల్‌వెల్ గ్రంథమును సాక్ష్యముగాఁ దెచ్చుచుందురు.

గోమసూరి కథయందు సైతము ధర్మసందేహములు మొదటనే యున్నవి. 1796 మే 14వ తేదీని ఎడ్వర్డు జెన్నరు, పాలు పిదుకు నొక యువతి చేతి పొక్కునుండి రసము తీసి, జేమ్సు ఫిప్సు అను నెనిమిదేండ్ల బాలుని చేతికిఁ బొడిచెను. తోఁటమాలి కుమారుఁడా బాలుఁడు. జూలై 1వ తేదీని నిజమగు మశూచికరసమునే మరల నాతని దేహమునఁ జొనిపి పరీక్షించెను. వ్యాధి రాలేదు, జెన్నరు కీర్తి నిలిచినది. వచ్చియుండినచో నేమి యయ్యెడిదో యూహింప నక్కఱలేదు. ఆ రసము వియన్నా, కాన్‌స్టాంటినోపిల్, బాగ్దాదు, బస్రాల మీఁదుగా బొంబాయి చేరి, 1802 జూన్ 14వ తేదీని మూఁడేండ్ల యాన్నా డస్తాల్ అను బాలిక చేతిపై ఫలించెను. ఎండకు రసము చెడును గావున దానిని సీసాలలో నిలువ చేయుట కష్టము. వారము దినములకు బిడ్డ చేతిపై నెక్కిన పొక్కును గీసి, యందలి రసమును మఱియొక బిడ్డకును, ఆ బిడ్డనుండి వేఱొక బిడ్డకును బొడువవలెను. బిడ్డల చేతులే పాత్రలు. బొంబాయినుండి చెన్నపురికిని, కలకత్తాకును రక్ష నందఁజేసినది యిట్టి శిశువుల వరుసయే. వారిలో ననేకుల పేళ్లు చరిత్రలో లేవు.

జనులు జంకుటకు హేతువు లిందే యున్నవి. అమ్మవారు రాకమునుపే యామెను గత్తికొనతోఁ బిలుచుట యపచారమని యొకరు. ఎవరి బిడ్డ రసమో తమ బిడ్డ రక్తమునఁ గలియుట కులాచారమునకు విరుద్ధమని యొకరు. నొప్పితో నేడ్చుచున్న బిడ్డ పొక్కును మరలఁ జీల్చనిచ్చుట కొప్పుకొనక తల్లులు. ఈ తల్లుల యభ్యంతరమును మూఢత్వ మని త్రోసివేసిన యధికారుల వ్రాఁతలు చాలఁ గలవు. అది మూఢత్వము కాదు.

ఇట్టి తఱి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు రంగమునఁ బ్రవేశించెను. తెనుఁగువారి కీతఁడు పరాయివాఁడు కాఁడు. 1796లో కుంఫిణీ కొలువున చెన్నపురికి వచ్చి, 1810లో నచటి కలెక్టరై, 1812లో సెయింట్ జార్జికోట కళాశాలను నెలకొల్పినవారిలో ముఖ్యుఁడయ్యెను. 1816లో క్యాంబెల్ ప్రకటించిన తెలుఁగు వ్యాకరణమునకుఁ బీఠికగాఁ దాను వ్రాసిన వ్యాసమున, తెనుఁగు సంస్కృతజన్యము కాదనియు, నరవకన్నడములతోఁ గూడి వేఱొక కుటుంబమునకుఁ జెందినదనియు మొదట నిరూపించినవాఁ డీతఁడే. ఆ నిరూపణమున మామిడి వెంకయ్య యాంధ్రదీపికను బ్రమాణముగాఁ గైకొని, మన లాక్షణికుల మతమును గౌరవముతోఁ బరామర్శించెను. అట్టివాఁడు గోమసూరిని గూర్చి సంస్కృతమునఁ జిన్న కృతి యొకటి రచించి, పాత కాగితముపై వ్రాయించి, యది యెచటనో దొరకినదని ప్రచారము చేసెననియు, ప్రాచీనతయందలి గౌరవముచే బ్రాహ్మణు లా చికిత్స నంగీకరింతురని యాతని యాశ యనియు 19వ శతాబ్దమున సీమయందు వెలువడిన గ్రంథములలో వ్రాయఁబడినది. గోమసూరిని గూర్చి యీతఁడు గల్పించిన పురాణకథను ట్రాట్‌మన్ 2006లోఁ దన గ్రంథమునకు ననుబంధముగా ముద్రించెను. కొరియరు పత్రికలోని లేఖకును ఎల్లిసునకును గల సంబంధమును, ఈ శ్లోకముల పుట్టుకను సంస్కృతవైద్యగ్రంథపరిశోధకుఁడగు వుయాస్టిక్ 1987లో విమర్శించి, వీనికి "భక్తిపూర్వకమగు మోసము" అను పేరు పెట్టెను.

ఎల్లిసు సంగతి తెలియకున్నను శ్లోకముల పుట్టుక నవియే చెప్పును. ఆవు పొదుగుమీఁది పొక్కురసము గాని, మనుష్యుని చేతిమీఁది పొక్కురసము గాని శస్త్రముకొనపై దీసికొని, భుజమునకును మోచేతికిని నడుమ నెత్తురు గనఁబడునట్లు గీసి, రసమును రక్తముతోఁ గలుపవలెనని వాని తాత్పర్యము. స్థానము, సాధనము, చేతినుండి చేతికి మార్చు క్రమము, అన్నియు జెన్నరు శిష్యుల పద్ధతియే. దానికి మించినది లేదు, తక్కువైనది లేదు. వేయేండ్ల క్రిందటి గ్రంథమునకు నిన్నటి వైద్యుని చేతివ్రాలుతో నింతటి పోలిక యుండునా? మఱియు చరకసుశ్రుతులు మసూరికను సంక్షేపముగాఁ జెప్పిరి. మాధవకరుఁడు తన నిదానమునఁ బ్రత్యేకాధ్యాయముగా విస్తరించెను. 16వ శతాబ్దమున భావమిశ్రుఁడు శీతలాదేవిని సైతముఁ బేర్కొనెను. వీరిలో నొక్కరైన గోమసూరిప్రయోగము నెఱుఁగరు. ఇంతటి దివ్యౌషధము గలిగియు నిందఱు మఱచిరనుటకంటె, అది లేదనుటయే లాఘవము.

ఇచట నొక విచిత్రము. పుదుచ్చేరియందలి పాదిరుల కాగితములను బరిశీలించి, "ఎజుర్ వేదము" అను గ్రంథము వేదము కాదనియు, క్రైస్తవమతప్రచారమునకై యిటీవలఁ గల్పింపఁబడినదనియు బయలుపఱచినవాఁడు నీ యెల్లిసే. వోల్టేరువంటివాఁడే మోసపోయి దానిని మెచ్చుకొనెను. 1778లో నది ఫ్రెంచిభాషయం దచ్చును బడెను. పరుల కూటరచనను బట్టుకొన్న చేయి తాను గూటరచనకు దిగుట యెట్లు పొసఁగును? పాదిరులు మతమునకై చేసిరి, ఎల్లిసు ప్రాణరక్షణకై చేసెను, అని యాతని పక్షమువారు చెప్పవచ్చును. ఆ భేదము గొప్పదే. తన కలెక్టరీలోనే బిడ్డలు చచ్చుచుండఁగా నొక యనుష్టుప్పుచే వారు బ్రదుకుదురని తోఁచినవాఁడు వ్రాయకుండుట కష్టము.

మన వాఙ్మయమున నీ ప్రశ్న క్రొత్తది కాదు. కర్ణపర్వమునఁ గౌశికుఁడు, సత్యవ్రతము పేరఁ జోరులకుఁ దెరువు సూపి, దాఁగినవారి మరణమునకుఁ గారకుఁడై నరకమునకుఁ బోయెను. భాగవతమున శుక్రుఁడు ప్రాణసంకటాదులయందు బొంకినను దోషములేదని బలికి బోధించెను, బలి వినలేదు. ఎల్లిసు శుక్రుని మార్గము నవలంబించెననవచ్చును. కాని శుక్రుఁ డనుమతించినది నోటిమాట. అది యా సమయముతోఁ బోవును. పత్రముపై వ్రాసిన యసత్యము తన్ను బుట్టించిన యవసరము తీరిన తరువాతను నిలిచి, ఆ యవసర మెఱుఁగనివారి చేతఁ బడును. ఆ పైన, తా ళ్లేకులు చదువు పండితులకుఁ గొఱఁత లేని దేశమున, గురుశిష్యక్రమము లేని గ్రంథమును జూపి నమ్మింపఁజూచుట వారి వివేకమును దక్కువగా నెంచుటయే. అమ్మవారికి వెఱచి బిడ్డను దాఁచుకొన్న తల్లికో, సంస్కృతశ్లోకముతోఁ బని లేదు.

నమ్మించుటకు మార్గము వేఱొకటి యా కాలముననే యుండెను. 1805లో టామస్ హిక్కీ యను చిత్రకారుఁడు మైసూరు రాణులను మువ్వురను జిత్రించెను. అందొకతె పైటచెఱఁగును దొలఁగించి చేయి చూపుచుండుట టీకా వేయించుకొన్న గుఱుతును జూపుటకే యని చరిత్రకారుఁడు చాన్సెలరు వ్యాఖ్యానించెను. ఆ వ్యాఖ్యానము సరియైనచో, ప్రాచీనఋషి పేరు వాడుకొనక, రాజకుటుంబము తన చేతినే సాక్ష్యముగాఁ జూపినదన్నమాట.

నూటయేఁబదియేండ్లకుఁ బైగా గడచినపిదప, 1967లో ప్రపంచారోగ్యసంస్థ మశూచికనిర్మూలనమునకుఁ బూనుకొన్నపుడు మోసముతోఁ బని లేకపోయెను. బలముతోఁ బని పడెను. రోగిని గనిపెట్టి, యింటివాకిటఁ గావలి యుంచి, చుట్టుపట్లవారి కందఱకు టీకాలు వేయుట యా పద్ధతి. రోగిని జూపినవారికి బహుమానము లిచ్చిరి. బీహారు మొదలగు చోట్ల నిరాకరించినవారి తలుపులు రాత్రివేళఁ ద్రోసి, చేతులు పట్టుకొని పొడిచిన సంగతులను గ్రీనో యను చరిత్రకారుఁడు 1995లో వ్రాసెను. 1975తో నీ దేశమున వ్యాధి పోయెను. 1980 మే 8వ తేదీని లోకమునుండియే పోయినదని ప్రకటింపఁబడెను. ఆ బలాత్కారమును గొనియాడ వలనుపడదు. అయినను తలుపు త్రోసినవాఁ డెవఁడో యింటివాఁడు చూచెను, వానిపైఁ గోపింపఁగలిగెను. కూటశ్లోకము చదివినవానికి నా యవకాశ మైనను లేదు.

లేఖ ప్రకటితమైన రెండు నెలలలోపల, 1819 మార్చిలో, ఎల్లిసు రామనాథపురమునఁ బొరపాటున విషము పుచ్చుకొని మరణించెను. ఆ శ్లోకములు తనవని చెప్పుకొనుటకు గాని, కావని చెప్పుటకు గాని కాలము చాలలేదు. మధురలో నుంచిన యాతని వ్రాఁతలలోఁ జాలభాగము వంటవాని చేతఁ బడి, పొయ్యి రాజవేయుటకును, కోళ్లను గాల్చుటకును వినియోగపడెనని ప్రతీతి. ఎజుర్ వేదమును ఖండించిన వ్యాసము 1822లో నేషియాటిక్ రిసెర్చెస్ పదునాల్గవ సంపుటమున నచ్చయ్యెను. శ్లోకముల తాత్పర్యము మాత్రము పత్రికనుండి పుస్తకమునకు, పుస్తకమునుండి పుస్తకమునకుఁ బ్రాఁకెను. 1905లో చెన్నపురి గవర్నరగు ఆంప్‌థిల్ ప్రభువు, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటు ప్రారంభోత్సవమున, కర్నలు కింగు చెప్పిన మాటగా, ప్రాచీనభారతీయులకు గోమసూరిప్రయోగము తెలిసియుండవచ్చునని పలికెను. శ్రోతలు సంతోషించిరి. 1935లో విల్ డ్యూరాంట్ తన నాగరకతాచరిత్రమున ధన్వంతరివాక్యమని దానినే యుదాహరించెను. అచట నా శ్లోకములకు క్రీ. శ. 550 అను కాలము కూడ లభించినది.