పదహారేళ్ళ వాడు, డెబ్బై అయిదేళ్ళ వాడు: ఒక గ్రామఫోను రికార్డు కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు. రాజుల గురించో యుద్ధాల గురించో కాక, ఒక గ్రామఫోను రికార్డు గురించి రాద్దామనిపించింది. దాన్ని చేసిన ఇద్దరిలో ఒకరికి పదహారేళ్ళు, ఇంకొకరికి డెబ్బై అయిదు. పెన్షనర్లమైన మనకూ, మన మనుమలకూ కూడా పనికివచ్చే సంగతి ఇందులో ఉందని నా నమ్మకం.

ఆ కుర్రవాని పేరు యెహూదీ మెనూహిన్. 1916 ఏప్రిల్ 22న న్యూయార్కులో పుట్టి, శాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగాడు. ఏడేళ్ళకే సభలో ఫిడేలు వాయించాడు. 1927లో, పదకొండేళ్ళ వయసులో, న్యూయార్కు కార్నెగీ హాలులో బీథోవెన్ కాన్సర్టో వాయించి పెద్దలను నివ్వెరపరిచాడు. కాన్సర్టో అంటే ఒక్క వాద్యగాడు ముందు నిలబడి వాయిస్తుండగా, వెనుక పెద్ద వాద్యబృందం అతనితో కలిసి నడిచే రచన. మన కచేరీలో లాగా అప్పటికప్పుడు అల్లుకునే అవకాశం తక్కువ. స్వరమంతా ముందే రాసి ఉంటుంది.

పెద్దాయన సర్ ఎడ్వర్డ్ ఎల్గర్. ఇంగ్లండులో పేరుమోసిన స్వరకర్త. ఆయన ఫిడేలు కాన్సర్టోను 1910 నవంబరు 10న లండన్‌లో ఫ్రిట్జ్ క్రైస్లర్ అనే మహావిద్వాంసుడు మొదటిసారి వాయించాడు. 1920లో భార్య పోయాక ఎల్గర్ కొత్తగా రాసినది బహు తక్కువ. ఆయన కాలం అయిపోయిందని లోకం అనుకుంటున్న రోజులవి.

ఇద్దరినీ కలిపినవాడు హెచ్.ఎం.వి. కంపెనీకి చెందిన ఫ్రెడ్ గైస్‌బర్గ్. ఈయన మనకు బొత్తిగా పరాయివాడు కాదు. 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటను రికార్డు చేసినది ఈయనే. ఎల్గర్ బతికుండగానే, ఆయన నిర్వహణలోనే ఆ కాన్సర్టో రికార్డు కావాలని గైస్‌బర్గ్ పట్టుదల. క్రైస్లర్ ఎంతకీ కుదురుకోకపోవడంతో ఆయన దృష్టి మెనూహిన్ మీద పడింది.

రికార్డింగుకు ముందు కుర్రవాడు స్వరకర్తకు వినిపించడానికి వెళ్ళాడు. కాసేపు విన్నాడో లేదో, ఇక తను చెప్పవలసిందేమీ లేదని ఎల్గర్ గుర్రప్పందాలకు వెళ్ళిపోయాడట! ఈ ముచ్చట మెనూహిన్ పెద్దయ్యాక ఎంతో ఇష్టంగా చెప్పేవాడు. తప్పులు వెతకడానికి కూర్చోకుండా నమ్మకం ఉంచి లేచిపోవడం పెద్దవాళ్ళందరికీ చేతనయ్యే పని కాదు.

1932 జులైలో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డింగు జరిగింది. ఆ స్టూడియోను 1931 నవంబరులో ప్రారంభించిన వాడు కూడా ఎల్గరే. అప్పట్లో టేపు లేదు, కత్తిరించి అతికించే వీలు లేదు. మైనపు పళ్ళెం మీద సూది నేరుగా గీత గీసేది. ఒక్కో వైపుకు నాలుగు నిమిషాలకు కొంచెం పైన పట్టేది. మధ్యలో ఒక్క స్వరం తప్పినా ఆ వైపంతా మళ్ళీ మొదటినుంచి వాయించవలసిందే. దాదాపు యాభై నిమిషాల ఆ రచన ఆరు రికార్డుల మీద, పన్నెండు వైపులకు సర్దుకుంది. అదే ఏడాది నవంబరులో ఆల్బర్ట్ హాలులో ఇద్దరూ కలిసి కచేరీ చేశారు. 1933లో పారిస్‌లోనూ చేశారు. ఆ ప్రయాణంతోనే ఎల్గర్ మొదటిసారి విమానం ఎక్కాడు. 1934 ఫిబ్రవరి 23న కన్నుమూశాడు. రికార్డు మాత్రం మిగిలింది. నేటికీ వింటున్నారు.

నేను దాన్ని మొదట విన్నది అరకులోయలో ఉద్యోగం చేసే రోజుల్లో, రాత్రిపూట షార్ట్‌వేవ్ రేడియోలో. మన్యం బదిలీ అంటే మలేరియా భయంతో శిక్షగా భావించే కాలం. ఆ కొండల మధ్య ఫిడేలు నాదం కెరటాలుగా వచ్చి పోతూ ఉండేది. వాయించిన వానికి పదహారేళ్ళేనని విని మా ఇంట్లోవాళ్ళు నమ్మలేదు.

బాల్యంలో మెరిసినంత మాత్రాన దారంతా పూలబాట కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల కోసం వందల కచేరీలు చేసిన మెనూహిన్‌కు తరువాత చెయ్యి మొరాయించింది. చిన్నప్పుడు సహజంగా వచ్చిన విద్యను పెద్దయ్యాక అక్షరాభ్యాసం నుంచి మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. 1952లో నెహ్రూ ఆహ్వానం మీద భారతదేశం వచ్చి, కరవు సహాయనిధికి కచేరీలు చేశాడు. అప్పుడే బొంబాయిలో బి.కె.ఎస్. అయ్యంగారి వద్ద యోగాసనాలు మొదలుపెట్టాడు. తరువాత ఆయనను స్విట్జర్లాండుకు పిలిపించుకున్నాడు. తనకు ఫిడేలు నేర్పిన ఉత్తమ గురువు ఆయనేనని చేతిగడియారం మీద చెక్కించి బహూకరించాడు. ముప్పయ్యయిదేళ్ళ ప్రపంచప్రఖ్యాతుడు మళ్ళీ శిష్యుడయ్యాడన్నమాట. 1963లో పిల్లల కోసం సంగీత పాఠశాల కూడా స్థాపించాడు.

మన ఫిడేలు నాయుడుగారి దారి ఇందుకు భిన్నం. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖలో పెరిగారు. కంటిచూపు అంతంతమాత్రం. అన్నగారే తొలి గురువు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో అధ్యాపకులయ్యారు. ఆదిభట్ల నారాయణదాసుగారు అప్పుడు అధ్యక్షులు. విద్యార్థిగా చేరవచ్చిన వానిని దాసుగారు అధ్యాపకునిగా తీసుకున్నారని చెప్పుకుంటారు. పక్కవాద్యంగానే చూసే ఫిడేలుతో ఆయన తొలి సోలో కచేరీ వేలూరులో చేసింది 1938లో. అప్పటికి వయసు దాదాపు నలభై అయిదు! 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. మదరాసులో న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట మెనూహిన్ ఆయన వాయిద్యం విని మెచ్చుకున్నారంటారు.

ఒకరికి పదకొండేళ్ళకే పేరు, ఇంకొకరికి తొలి సోలో కచేరీ దాదాపు నలభై అయిదేళ్ళకు. విద్య పండే వేళ అందరికీ ఒకటి కాదు. మన మనుమలను ‘ఇంకా రాలేదా, పక్కింటి పిల్లకు వచ్చేసిందే’ అని తొందరపెట్టేవాళ్ళం ఇది గుర్తుంచుకోవాలి.

అరకు ప్రాంతంలో థింసా చూసిన వారికి ఇంకో సంగతి తడుతుంది. అక్కడ తుడుము మోగగానే చిన్నా పెద్దా నడుములు పట్టుకుని ఒకే వరుసలో కదులుతారు. పిల్లకు వేరే పాఠం ఉండదు. పక్కనున్న అవ్వ అడుగే పాఠం. ఆ 1932 స్టూడియోలో జరిగింది కూడా అదేనని నాకనిపిస్తుంది. పెద్దాయన లయ పట్టాడు, కుర్రవాడు ప్రాణం పోశాడు. ఒకరు లేకపోతే రెండోవారి పని వినబడేది కాదు.

ఉద్యోగ విరమణతో మన పని ముగిసిందని అనుకునే మిత్రులకు నా మనవి ఒక్కటే. మీ మనుమడు ఫిడేలో, మృదంగమో, వట్టి పాటో సాధన చేస్తుంటే, ఒక అరగంట దగ్గర కూర్చుని వినండి. బాగుంటే బాగుందనండి. ఆ తరువాత కావాలంటే మీ పనిమీద మీరు వెళ్ళవచ్చు.