కుక్క కడుపులో నీరు – కారణాన్వేషణ కథ

జలము, ఉదరము – గుణసంధి చేస్తే జలోదరము. ఈ పేరు కంటికి కనబడేదాన్ని చెప్పి ఊరుకొంది. ఎందుకు వచ్చిందో చెప్పదు. పెంపుడు కుక్కకు పొట్ట ఉబ్బి, వెన్నెముక తేలి కనబడితే సూదితో నీరు తీయించి ఇంటికి తెచ్చుకోవడం మనలో చాలామంది చేసేదే. కొన్నాళ్లకు పొట్ట మళ్లీ నిండుతుంది. నీరు ఎక్కడి నుండి వచ్చిందని అడిగేవారు అరుదు. చిత్రమేమంటే, చరిత్రలో ఆ ప్రశ్నకు దారి చూపినది కుక్కే.

లక్షణాన్ని మన ప్రాచీనులు చక్కగానే పట్టారు. చరకసంహిత చికిత్సాస్థానంలో ఉదరరోగాలు ఎనిమిది. జలోదరాన్ని తాకితే నీరు నింపిన తోలుతిత్తి కదిలినట్లుంటుందట. నేటి పశువైద్యుడు కుక్క పొట్టకు ఒక ప్రక్క అరచేయి ఆనించి రెండవ ప్రక్క వ్రేలితో తట్టి వెదకేది ఆ అలనే! నీటినంతటినీ ఒక్కనాడే తీయవద్దని సుశ్రుతుడు హెచ్చరించాడు.

ఇక కారణం సంగతి. రిచర్డ్ లోయర్ అనే ఆంగ్ల వైద్యుడు 1669లో హృదయాన్ని గూర్చి లాటిన్‌లో ఒక గ్రంథం ప్రకటించాడు. బ్రతికి ఉన్న కుక్క రొమ్ము తెరచి, దేహపు క్రింది భాగం నుండి గుండెకు రక్తం తెచ్చే మహాసిరను దారంతో బిగించాడు. కొన్ని గంటలలో కుక్క చనిపోయింది. కోసి చూస్తే కడుపునిండా తేటనీరు. మరొక కుక్కకు మెడసిరలు కట్టగా తల ఉబ్బింది. అక్కడ చేరినదీ రక్తం కాదు, నీరే. మత్తుమందు లేని కాలమది. ఆ మూగజీవాల బాధ తలచుకొంటే మనసు ఒప్పదు గాని, తూము మూస్తే వెనుక చేలు మునిగినట్లే ఇదీ అని తేలింది ఆ ప్రాణాల వల్లనే.

అయితే తూము మూయకున్నా నీరు చేరవచ్చు. 1827లో రిచర్డ్ బ్రైట్ నీరు పట్టిన రోగుల మూత్రంలో ఆల్బుమిన్ పోవడాన్ని మూత్రపిండాల వ్యాధితో ముడిపెట్టాడు. 1896లో స్టార్లింగ్, మళ్లీ కుక్కలపైనే ప్రయోగాలు చేసి, నీటిని రక్తనాళాలలో పట్టి ఉంచేది రక్తంలోని మాంసకృత్తులేనని చూపాడు.

నేటి పరీక్ష ఈ రెండు దారులను విడదీయడమే. సూదితో తీసిన నీరు రక్తంవలె ఉంటే ప్లీహంలో పగిలిన గడ్డను, మబ్బుగా ఉంటే క్రిములను అనుమానిస్తారు. నీళ్లవలె పలుచగా ఉండి, రక్తంలో ఆల్బుమిన్ డెసిలీటరుకు 1.5 గ్రాములకన్న తగ్గితే, అది మూత్రంలో పోతున్నదా, ప్రేగులో పోతున్నదా, కాలేయమే తయారు చేయలేకున్నదా అని చూడాలి. ఆల్బుమిన్ సరిగా ఉండి నీరు పలుచగా ఉంటే కాలేయానికి రక్తం చేర్చే సిరలో ఒత్తిడిని శంకించాలి. నీటిలో మాంసకృత్తులు 2.5 గ్రాములు దాటి, మెడసిర ఉబ్బి ఉంటే చూపు గుండె మీదికి మళ్లాలి. లోయర్ దారం కట్టిన చోటు అదే కదా.

అక్కడా తొందర కూడదు. గుండె కుడిభాగం బలహీనమైనా, దోమకాటుతో వచ్చే గుండెపురుగు అడ్డుపడినా, గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు నిండి నొక్కినా బయటికి కనబడే పొట్ట ఒక్కటే. మొదటిదానికి మూత్రం జారీచేసే మందు మేలు. మూడవదానికి అదే మందు ఇస్తే గుండె ఇంకా క్రుంగుతుంది. అక్కడ ముందుగా సూది పడవలసింది పొట్టలో కాదు, ఆ గుండెసంచిలో. ఒక్క అల్ట్రాసౌండ్ పరీక్షతో ఆ తేడా తెలిసిపోతుంది.